సాపైన చోట గేర్ ఆయిల్

ఆ రోజు పొద్దున చేయవలసిన పనులన్నీ తూకం గారు ముందురోజే ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించారు. ఏడింటికి కారు గేర్ ఆయిల్ చూడటం, ఐదు నిమిషాలు. ఏడూ ఐదుకు చేతులు కడుక్కోవడం, రెండు నిమిషాలు. ఏడూ ఏడుకు టిఫిను. పదిన్నరకు కోడలిని డ్రైవింగ్ టెస్టుకు తీసుకెళ్ళడం. మధ్యలో మిగిలిన కాలానికి ఎదురుగా "విశ్రాంతి" అని రాసి, స్కేలు పెట్టి కింద గీత కూడా గీశారు.

ఆయన అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ గుర్తులేదు. తూనికలు, కొలతల శాఖలో ముప్ఫై రెండేళ్ళు ఇన్‌స్పెక్టరుగా పనిచేసిన మనిషి. కొట్టు కొట్టుకూ తిరిగి తక్కెళ్ళూ రాళ్ళూ పరీక్షించి, సరైనవాటి మీద ముద్ర వేసి, తప్పుడువాటిని స్వాధీనం చేసుకునేవారు. అందుకని అందరికీ తూకం గారు. రిటైరై ఐదేళ్ళయినా అలవాటు పోలేదు. పాల ప్యాకెట్టును అరచేతిలో ఎత్తి చూసి "నాలుగు గ్రాములు తక్కువ" అంటారు. పాలవాడు ఎదురు మాట్లాడడు, మర్నాడు ఇంకో ప్యాకెట్టు ఇస్తాడు. దాన్నీ ఎత్తి చూస్తారు.

కోడలు ఫిజియోథెరపిస్టు. ఇళ్ళకు వెళ్ళి, మంచాన పడ్డవాళ్ళను లేపి నడిపించే ఉద్యోగం ఒకటి ఆమెకు వచ్చింది. ఒకటో తారీఖున చేరాలి. చేరేటప్పుడు లైసెన్సు చూపించాలి. ఇప్పటికే రెండుసార్లు టెస్టు తప్పింది. మొదటిసారి ఎత్తు మీద ఆపిన బండి వెనక్కి జారింది. రెండోసారి రివర్సులో ఒక ప్లాస్టిక్ కోన్‌ను తొక్కింది. అది కారు కింద ఇరుక్కుపోతే, ఆ సంగతి తెలియక ఆఫీసు గేటు దాకా ఈడ్చుకొచ్చింది. మూడోసారి కూడా తప్పితే ఆరు నెలల దాకా దరఖాస్తు పెట్టకూడదు. ఆరు నెలలు ఆ ఉద్యోగం ఆమె కోసం ఎవరూ ఖాళీగా ఉంచరు.

ఇంతలో కారు మొండికేసింది. అది పాతబండి, క్లచ్ లేని ఆటోమేటిక్. వారం రోజులుగా, పార్క్ నుంచి డ్రైవ్‌లోకి మార్చగానే ఎక్కిళ్ళు వచ్చినట్టు ఒక్క కుదుపు కుదుపుతోంది. ఆ వారం రోజులూ ప్రాక్టీసు కోసమని కోడలు తప్ప ఇంకెవరూ దాన్ని నడపలేదు. కుదుపు వచ్చినప్పుడల్లా ఆమె ప్రాణం గుప్పెట్లోకి వచ్చేది.

కొడుకు లైబ్రేరియన్. పగలంతా లైబ్రరీలో అందర్నీ నిశ్శబ్దంగా ఉండమంటాడు, ఇంటికొచ్చి తను నిశ్శబ్దంగా ఉంటాడు. ముందురోజు సాయంత్రం అతను బానెట్ ఎత్తి, ఇంజన్ ఆయిల్ చూసినట్టే, ఇంజన్ ఆపేసి, బండి చల్లబడ్డాక గేర్ ఆయిల్ కొలిచే పుల్ల పైకి లాగి చూశాడు. ఆయిల్ గీత దాటి ఎంతో పైకి ఉంది. "నాన్నా, మరీ ఎక్కువైంది. కాస్త తీసేద్దామా?" అన్నాడు.

"కొలత తప్పైతే, తీసిన చుక్క కూడా తప్పే," అన్నారు తూకం గారు. అని మెకానిక్‌కు ఫోన్ చేశారు.

"అలా చూడకూడదు సార్," అన్నాడు మెకానిక్. "మీవాడు చేసింది ఇంజన్ ఆయిల్ చూసే పద్ధతి. గేర్ ఆయిల్‌కి బండిని ఒక పావుగంట తిప్పి బాగా వేడెక్కించాలి. ఇంజన్ ఆన్‌లోనే ఉంచాలి. హ్యాండ్ బ్రేక్ వేసి, బ్రేక్ మీద కాలుపెట్టి, గేరుని ఒక్కో దాంట్లోకీ మార్చి, కాసేపాగి, మళ్ళీ పార్క్‌లోకి తేవాలి. అప్పుడు పుల్ల తీసి, తుడిచి, మళ్ళీ పూర్తిగా దించి, తీసి చూడాలి. బండి మాత్రం సాపుగా ఉన్న చోట ఉండాలి సార్, మర్చిపోకండి."

"సాపుగా అంటే ఎంత సాపుగా?"

ఇన్నేళ్ళ పనిలో మెకానిక్‌ను ఆ ప్రశ్న ఎవరూ అడిగి ఉండరు. "సాపుగా అంటే... సాపుగానే సార్," అన్నాడు.

"అదే, ఎంత అని."

మెకానిక్ ఇంకో ఫోన్ వస్తోందని చెప్పి పెట్టేశాడు. అతను గనక "ఏదో కంటికి ఆనితే చాలు సార్" అని ఒక్క ముక్క అని ఉంటే వీధివీధంతా ఆ పొద్దున హాయిగా కాఫీ తాగేది.

ఏడింటికి కోడలు స్టీరింగ్ ముందు, కొడుకు పక్కన కూర్చుని, బండి వేడెక్కించడానికి ఒక చుట్టు తిరగబోయారు. బయల్దేరగానే కుదుపు వచ్చింది. కోడలు కళ్ళు మూసుకుంది. "కళ్ళు తెరువు," అన్నాడు కొడుకు లైబ్రరీ గొంతుతో.

వాళ్ళు తిరిగొచ్చేసరికి తూకం గారు అటక మీంచి రసమట్టం దించి, తుడిచి, చేత పట్టుకుని గేటు దగ్గర నిలబడి ఉన్నారు. మూరెడు పొడవు చెక్క, మధ్యలో చిన్న గాజు గొట్టం, అందులో ఒక నీటి బుడగ. బుడగ మధ్యలో ఆగితే నేల సాపు, పక్కకు జరిగితే వాలు. రిటైరైన రోజు ఆఫీసులో తోటివాళ్ళు కానుకగా ఇచ్చారు. దాని మీద "నిక్కచ్చి మనిషికి" అని చెక్కించారు కూడా. ఆ అక్షరాలు తనవైపు ఉండేట్టు పట్టుకోవడం ఆయనకు ఇష్టం.

గేటు ముందు నేల మీద రసమట్టం పెట్టారు. బుడగ ఎడమకు జరిగింది. "ఇక్కడ కాదు," అన్నారు. పది అడుగులు ముందుకెళ్ళి పెట్టారు. మళ్ళీ ఎడమకే. "ఇక్కడా కాదు. నువ్వు రాసుకో," అని కొడుక్కి చెప్పారు. కొడుకు డాష్‌బోర్డులోంచి నోట్‌బుక్కు తీశాడు. ఆ తర్వాత వీధిలో ఒక ఊరేగింపులాంటిది మొదలైంది. ముందు రసమట్టంతో తూకం గారు, ఆయన వెనక నత్తలా కారు, కార్లో కోడలు బ్రేకు మీద కాలుతో, కొడుకు చేతిలో పెన్నుతో. వీధి చివరిదాకా వెళ్ళారు. అంతా ఎడమకే వాలింది. వెనక్కి తిరిగి వస్తూ మళ్ళీ కొలిచారు. అప్పుడూ ఎడమకే వాలింది. కొడుకు రెండూ బుద్ధిగా రాసుకున్నాడు. పుస్తకంలో ఎక్కిన మాటను అతను ఎప్పుడూ ప్రశ్నించడు.

ఆ వీధిలోని పదకొండు ఇళ్ళనూ ఒకే మేస్త్రీ కట్టాడు. చివరి ఇంట్లో ఉంటాడు. పళ్ళు తోముకుంటూ బయటికొచ్చిన అతనికి, రిటైర్డ్ ఇన్‌స్పెక్టరు రసమట్టం పట్టుకుని నడవడం, వెనకాల కార్లో కూర్చుని ఒకరు రాసుకోవడం కనిపించింది. నోట్లోని నురుగు మింగేశాడు.

"ఎవరండీ ఫిర్యాదు పెట్టింది?" అన్నాడు దగ్గరికొచ్చి.

"ఏం ఫిర్యాదయ్యా?"

"తెలియనట్టు అడక్కండి. ఎదురింటి టైలరమ్మేనా? నేల వాలిందని నాలుగు రోజులుగా ఆవిడ అందరితో అంటోందట."

"మేం గేర్ ఆయిల్ కోసం వచ్చాం."

మేస్త్రీ ఆయన్నీ, రసమట్టాన్నీ, కారునీ మార్చి మార్చి చూశాడు. "నలభై ఏళ్ళుగా ఇళ్ళు కడుతున్నానండీ. గేర్ ఆయిల్ కోసం నేల కొలిచేవాళ్ళని ఇంతవరకూ చూళ్ళేదు. చెబితే ఇంకాస్త నమ్మకంగా ఉండే అబద్ధం చెప్పండి."

తన పేరు వినబడి టైలరమ్మ మెడలో టేపుతో బయటికొచ్చింది. విషయం విన్నది. "నేను ఫిర్యాదు పెట్టలేదు. కానీ మీరు గుర్తుచేశారు కాబట్టి చెబుతున్నా, పెట్టాల్సిందే. దారం రీలు కింద పడితే చాలు, దొర్లుకుంటూ మూలకి పోతోంది," అంది. ఆవిడ బలవంతం మీద తూకం గారు లోపలికెళ్ళి రసమట్టం పెట్టారు. ఎడమకు. పక్కింటివాళ్ళు తమ వాషింగ్ మెషిన్ ఆడుతూ ఆడుతూ వంటగదిలోంచి హాల్లోకి వస్తోందని పిలిచారు. అక్కడా ఎడమకే. పిలిచినవాళ్ళింటికల్లా వెళ్ళి చూడటం ఆయన పాత ఉద్యోగధర్మం. ఒక్కో ఇంట్లో బుడగ ఎడమకు జరిగినప్పుడల్లా ఆయన ముఖంలో పాత రోజుల వెలుగు కనిపించింది. మేస్త్రీ ముఖంలో నలభై ఏళ్ళ పరువు కొంచెం కొంచెంగా కిందికి దిగింది.

కొడుకు ఈలోగా పెట్రోలు వృథా అని ఇంజన్ ఆపేశాడు. బండి చల్లబడింది.

"మామయ్యగారూ, తొమ్మిదవుతోంది," అంది కోడలు కారు కిటికీలోంచి. "పదకొండింటికి టెస్టు."

"ఇదిగో అమ్మాయ్, ఒక్క సాపైన చోటు దొరకనీ. ఐదు నిమిషాల పని," అన్నారు తూకం గారు. పొద్దుట్నుంచి ఆ మాట ఆయన అనడం అది నాలుగోసారి.

అప్పుడు అత్తగారు వచ్చింది. ఏడూ ఏడుకు తినవలసిన టిఫిను బల్లమీద చల్లారిపోతుంటే మనుషులేమయ్యారో చూద్దామని వచ్చింది. ఆవిడ సిటీ బస్సులో ఇరవై ఆరేళ్ళు కండక్టరు. ఎందుకైనా పనికొస్తుందని అప్పట్లోనే కారు లైసెన్సు కూడా తీసుకుంది గానీ నడిపింది తక్కువ. వీధిలో గుంపు, గుంపు మధ్యలో మొగుడు, కార్లో బిక్కముఖంతో కోడలు. ఆవిడకు ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది.

"నువ్వు దిగరా," అంది కొడుకుతో. పక్కసీట్లో కూర్చుని తలుపేసుకుంది. "బండి వేడెక్కాలి, అంతేగా. పద అమ్మాయ్." అని, డాష్‌బోర్డు మీద అరచేత్తో టకటకా రెండు దెబ్బలు కొట్టింది. "రైట్ రైట్."

బండి కుదిపింది. అత్తగారు కోడలి కాళ్ళవైపు ఒక్కసారి చూసింది. మెయిన్ రోడ్డు ఎక్కేదాకా ఆగి, కథ ఎత్తుకుంది. "ఒకసారి మా డ్రైవరుకి తుమ్ములు పట్టుకున్నాయి. తుమ్మినప్పుడల్లా బ్రేకు తొక్కేవాడు. తుమ్ముకో పదిమంది నా మీద పడేవాళ్ళు. నాలుగో తుమ్ముకి నేను టిక్కెట్లు కొట్టడం ఆపేసి, వెళ్ళి అతని ముక్కు పట్టుకు నిలబడ్డాను."

"నిజంగానా అత్తయ్యా?"

"ముక్కు పట్టుకున్నది నిజం. నాలుగో తుమ్మో ఆరో తుమ్మో గుర్తులేదు. అదిగో, ఆ స్కూటర్‌ని పోనీ."

మూడో మలుపులో ఒక సన్నటి సందుంది. అందులో సగం దూరం వెళ్ళాక, ఎదురుగా ఫర్నిచర్ లారీ బీరువాలు దింపుతూ ఆగి ఉంది. ముందుకు దారి లేదు. వెనక్కి వెళ్ళాలంటే సందు పొడవునా రివర్సు. కోడలికి పోయినసారి తొక్కిన కోన్ కళ్ళముందు కదిలింది.

అత్తగారు దిగి కారు వెనక నిలబడింది. డిక్కీ మీద చెయ్యి వేసి, "రానీ, రానీ, రానీ," అంటూ వెనక్కి నడిచింది. "కొంచెం నీ కుడిచేతివైపు. రానీ. గోడ సంగతి నాకొదిలెయ్, నువ్వు నా గొంతు విను. రానీ, రానీ. హోల్డాన్." అరవైమంది ప్రయాణికులున్న బస్సును గోడకు జానెడు దూరంలో ఆపించిన గొంతు అది. ఆ గొంతు వింటే బండే కాదు, గోడ కూడా కాస్త జరుగుతుందేమో అనిపిస్తుంది. సందు దాటాక కోడలు వెనక్కి తిరిగి చూసుకుని, ఒక్క గీత కూడా పడనందుకు కాసేపు నమ్మలేకపోయింది.

వీళ్ళు తిరిగొచ్చేసరికి గొడవ మేస్త్రీ ఇంటి పోర్టికోలోకి మారింది. "నా ఇంటి నేల కూడా వాలిందంటే రేపట్నుంచి తాపీ పట్టను," అని మేస్త్రీ శపథం చేశాడట. "దీనికంటే సాపైన చోటు ఈ వీధిలో లేదు. తెండి మీ కారు. ఆయిలో నెయ్యో, ఏం చూస్తారో చూడండి."

పోర్టికోకు ఎక్కే దారి నిట్టనిలువు. కోడలు కారును సగం ఎక్కించగానే తూకం గారు వెనకచక్రం వెనకాల గొంతుక్కూర్చుని "ఆపు" అన్నారు. ఆమె ఆపింది. ఆయన రసమట్టం పెట్టి, చూసి, "ఊఁ, రా" అన్నారు. మళ్ళీ అడుగు ఎక్కగానే "ఆపు". ఎత్తు మీద అలా ఐదుసార్లు ఆపించి ఐదుసార్లు కదిలించారు. చక్రానికి జానెడు వెనక మామగారి రెండు పాదాలూ కనిపిస్తున్నాయి అద్దంలో. ఆ పాదాల మీది భక్తితోనో భయంతోనో, బండి ఈసారి వెంట్రుకవాసి కూడా వెనక్కి జారలేదు.

"ఎత్తు ఎత్తుగానే ఉంటుంది కదండీ, దాన్నెందుకు కొలుస్తున్నారు?" అన్నాడు మేస్త్రీ.

"రికార్డు కోసం," అన్నారు తూకం గారు.

పోర్టికో నేల మీద మూడు పరీక్షలు జరిగాయి. మేస్త్రీ జేబులో ఎప్పుడూ ఒక గాజు గోలీ ఉంటుంది. దాన్ని నేల మీద పెట్టాడు. కదల్లేదు. నీళ్ళు నింపిన సన్నగొట్టం ఒక చివర కొడుకు చేతికిచ్చి, ఇంకో చివర తను పట్టుకున్నాడు. రెండు చివర్లా నీళ్ళు ఒకే ఎత్తున నిలిచాయి. తూకం గారు రసమట్టం పెట్టారు. బుడగ ఎడమకు జరిగింది.

"గోలీ మొండికేసి ఉంటుంది. బుడగ అబద్ధమాడదు," అన్నారు తూకం గారు.

"నీళ్ళు అబద్ధమాడతాయా?" అన్నాడు మేస్త్రీ.

"నీ గొట్టానికి ముద్ర ఉందా?"

"నా నలభై ఏళ్ళే దానికి ముద్ర."

తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని ఇద్దరూ పట్టుబట్టి కూర్చున్నారు. కొడుకు గొట్టం చివర పట్టుకుని అలాగే నిలబడ్డాడు. దించమని ఎవరూ చెప్పలేదు. పోర్టికోలో పొగ నిండి అందరూ దగ్గుతుంటే కోడలు ఇంజన్ ఆపేసింది. బండి మళ్ళీ చల్లబడటం మొదలుపెట్టింది. అప్పటికి పది కావడానికి పావుగంట ఉంది.

"పదండి అత్తయ్యా, ఇంకో చుట్టు తిరిగొద్దాం," అంది కోడలు. ఈసారి ఆమెను ఎవరూ అడగలేదు. తనే పోర్టికోలోంచి ఆ నిట్టనిలువు దారిమీద రివర్సులో దిగింది, దిగుతూ పక్కకి జరగమని టైలరమ్మకు చెయ్యి కూడా ఊపింది. అత్తగారు డాష్‌బోర్డు మీద కొట్టడానికి చెయ్యెత్తి, అవసరం లేదనుకుని దించేసింది. అదే సందులోకి వెళ్ళారు. లారీ ఇంకా అక్కడే ఉంది. ఈసారి అత్తగారు దిగకుండానే కోడలు సందు మొత్తం వెనక్కి వచ్చింది, తుమ్ముల డ్రైవరు తర్వాత ఏమయ్యాడని అడుగుతూ.

పదీ ఐదుకు తిరిగొచ్చి, పోర్టికో ఎక్కి, ఇంజన్ ఆన్‌లో ఉంచి దిగింది. ఇద్దరు పెద్దమనుషులూ వదిలివెళ్ళినచోటే ఉన్నారు. మేస్త్రీ కళ్ళల్లో నీళ్ళు తిరగడానికి సిద్ధంగా ఉన్నాయి. తూకం గారు కూడా గెలుస్తున్నవాడిలా కనిపించడం లేదు. ఒక మనిషి బతుకంతా వాలిందని చెప్పాల్సి రావడం ఆయనకేమీ సంతోషంగా లేదు.

భర్త నోట్‌బుక్కును కోడలు తీసుకుని రెండు పేజీలు చూసింది. "మామయ్యగారూ," అంది. "వీధి చివరిదాకా వెళ్ళేటప్పుడు ఎడమకి వాలిందని రాసుంది. తిరిగొచ్చేటప్పుడూ ఎడమకే అని రాసుంది. వచ్చేటప్పుడు మీరు ఇటు తిరిగి ఉంటారు కదా. అప్పుడు కుడికి వాలాలి."

ఆమె నోట్‌బుక్కు మూసి రసమట్టాన్ని చూపించింది.

"నా దగ్గరికి వచ్చే పేషెంట్లు కొందరు, మంచం ఎటు తిప్పి వేసినా ఒకవైపే నొప్పి అంటారు. అప్పుడు తప్పు మంచానిది కాదు, నడుముది. ఒక్కసారి దాన్ని అటుదిటు తిప్పి పెడతారా?"

తూకం గారు రసమట్టాన్ని ఉన్నచోటే అటుదిటు తిప్పి పెట్టారు. ఇప్పటిదాకా గోడవైపు ఉన్న బుడగ, నింపాదిగా ప్రయాణం చేసి, వీధివైపు వెళ్ళి ఆగింది. మళ్ళీ తిప్పారు. గోడవైపు వచ్చింది. నాలుగుసార్లు తిప్పారు. నేల ఉన్నచోటే ఉంది, వాలు మాత్రం రసమట్టంతోపాటు తిరుగుతోంది. వీధిలో అన్నింటినీ కొలిచిన ఆయన, కొలిచేదాన్ని కొలవడం మర్చిపోయారు. కానుకగా వచ్చిన వస్తువును పరీక్షించడం మర్యాద కాదని ఐదేళ్ళ కిందట అనుకున్నారు కూడా.

ఆయన లేచి ఇంటివైపు నడిచారు. అవమానంతో వెళ్ళిపోయారనుకుని మేస్త్రీ కంగారుపడ్డాడు. ఎంతైనా మంచివాడు, గెలిచిన సంతోషం కూడా మర్చిపోయి "పిలవండి, కుర్చీ తెస్తాను" అన్నాడు. మూడు నిమిషాల్లో తూకం గారే తిరిగొచ్చారు. చేతిలో ఆయన పాత స్వాధీన పత్రాల పుస్తకం ఉంది. మేస్త్రీ తెచ్చిన కుర్చీలో కూర్చుని రాయడం మొదలుపెట్టారు. రాస్తూ పైకి చదివారు.

"స్వాధీనం చేసుకున్న వస్తువు, రసమట్టం ఒకటి. లోపం, నిలకడగా ఎడమకు మొగ్గు. యజమాని, నేను. స్వాధీనం చేసుకున్న అధికారి, నేను. సాక్షి, మేస్త్రీ గారు. ఇక్కడ సంతకం పెట్టండి."

మేస్త్రీ సంతకం పెట్టాడు. ఆయన కాగితం చింపి ఒక నకలు తన జేబులో పెట్టుకుని, రసమట్టాన్ని భార్య చేతికిచ్చారు. తర్వాత పోర్టికో అంచుకొచ్చి, వీధంతా వినబడేలా, "పదకొండు ఇళ్ళూ సాపుగానే ఉన్నాయి. తప్పు నాది," అన్నారు. ఆ ఒక్క మాటకు మేస్త్రీ కళ్ళల్లో అంతసేపు ఆగిన నీళ్ళు నిజంగానే తిరిగాయి.

"మరి నా దారం రీలు?" అంది టైలరమ్మ.

"ఫ్యాను ఆపి చూడమ్మా," అన్నాడు మేస్త్రీ కళ్ళు తుడుచుకుంటూ. ఆవిడ వెళ్ళి చూసొచ్చి, ఆ విషయం గురించి ఇంకెప్పుడూ మాట్లాడలేదు.

పదీ పదిహేనైంది. బండి ఉన్నచోటు సాపు, ఇంజన్ వేడి. కోడలు సీట్లో కూర్చుని హ్యాండ్ బ్రేక్ వేసి, బ్రేక్ మీద కాలుపెట్టి, గేరును ఒక్కోదాంట్లోకీ మార్చి, ఒక్కోచోటా కాసేపు ఆగి, పార్క్‌లోకి తెచ్చింది. కొడుకు పుల్ల పైకి లాగాడు. నూలుపోగు కూడా లోపలికి పోకూడదని తూకం గారు కళ్ళద్దాలు తుడుచుకునే గుడ్డ ఇచ్చారు. తుడిచి, పూర్తిగా దించి, మళ్ళీ లాగాడు. వీధిలో ఉన్న తలలన్నీ ఆ పుల్ల మీదికి వంగాయి. ఆయిల్ ఎర్రగా, శుభ్రంగా, కాలిన వాసన లేకుండా, వేడి మీద ఉండాల్సిన రెండు గీతలకీ సరిగ్గా మధ్యన ఉంది. నిన్న సాయంత్రం దాంట్లోంచి చుక్క తీసి ఉంటే తక్కువయ్యేది.

"ఆయిల్ సరిగ్గానే ఉంటే, మరి కుదుపు ఎందుకొచ్చింది?" అన్నాడు కొడుకు.

"కుదుపు గేర్లో లేదురా, అమ్మాయి కాల్లో ఉంది," అంది అత్తగారు. "గేరు మార్చేటప్పుడే భయంతో కుడికాలు యాక్సిలరేటర్ మీద పడుతోంది. బండి ఉలిక్కిపడదూ మరి. మొదటి చుట్టు సగందాకా అలాగే చేసింది. తుమ్ముల కథలో పడి మర్చిపోయింది. తర్వాత ఒక్క కుదుపూ లేదు, చూశావా?"

"అప్పుడే చెప్పొచ్చు కదా అత్తయ్యా," అంది కోడలు.

"చెబితే రోడ్డు మానేసి నీ కాలు చూసుకుంటూ కూర్చుంటావు."

"అయితే మద్దెల ఓడు కాదన్నమాట," అన్నాడు కొడుకు. ఆ రోజు అతను వేసిన ఒకే ఒక్క జోకు అది. భార్య చూసిన చూపుకు మళ్ళీ లైబ్రరీ నిశ్శబ్దంలోకి వెళ్ళిపోయాడు.

పదకొండింటికి టెస్టు ఆఫీసరు ఆమెను గుర్తుపట్టి, ముందుజాగ్రత్తగా కోన్లు లెక్కపెట్టుకున్నాడు. ఎనిమిది. ఎత్తు మీద ఆపమన్నాడు. ఆపింది. కదలమన్నాడు. కదిలింది. ఆమె మళ్ళీ ఆపి, ఏదో మాట కోసం చూస్తున్నట్టు ఆగింది. "ఇంకేంటమ్మా?" అన్నాడు ఆఫీసరు.

"ఒక్కసారేనా అండీ?"

రివర్సు అయ్యాక ఆఫీసరు కోన్లు మళ్ళీ లెక్కపెట్టాడు. ఎనిమిదే ఉన్నాయి. "పోయినసారి చేతులు వణికాయి కదమ్మా. ఇప్పుడు భయం వేయలేదా?" అన్నాడు కాగితం మీద సంతకం పెడుతూ.

"ఇక్కడ చక్రం వెనకాల మా మామయ్యగారి పాదాలు లేవు కదండీ," అంది ఆమె. ఆఫీసరుకు అర్థం కాలేదు. కాగితం మాత్రం ఇచ్చాడు.

గేటు బయట అత్తగారు ఆ కాగితం చూసి, కారు డిక్కీ మీద టకటకా రెండు దెబ్బలు కొట్టింది. కోడలికి అప్పుడు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే నవ్వింది. నవ్వుతూనే ముగ్గురినీ ఎక్కించుకుని ఇంటిదాకా తనే నడిపింది. తూకం గారు దారంతా ఆ కాగితాన్ని అరచేతిలో పెట్టుకుని కూర్చున్నారు, బరువు సరిపోయిందనే అనుకోవాలి. వీధి మొదట్లో మేస్త్రీ నిలబడి ఉన్నాడు. కారు ఎప్పుడైనా తన పోర్టికోలోనే పెట్టుకోవచ్చని, అంత సాపైన చోటు ఈ వీధిలో లేదని, ఇప్పుడు ఆ మాట ఇన్‌స్పెక్టరు గారే చెబుతారని అందరి ముందూ అన్నాడు. ఇన్‌స్పెక్టరు గారు చెప్పారు.

ఒకటో తారీఖున కోడలు ఉద్యోగంలో చేరింది. రసమట్టం అత్తగారి ఇనప్పెట్టెలో ఉంది, దాని విడుదల కోసం తూకం గారు పెట్టుకున్న దరఖాస్తును తూకం గారే ఇప్పటికి రెండుసార్లు తిరస్కరించారు.